పది మంది, ఒక సూర్యాస్తమయం: ఓస్లో నుంచి ట్రోమ్సో దాకా యూదుల దారిలో

నార్వేలో ఈ ప్రయాణాన్ని డిసెంబరు రెండో వారంలో, బుధవారం ఓస్లోలో మొదలై తర్వాతి బుధవారానికి ట్రోమ్సో చేరేలా వేసుకోవాలి. శుక్రవారం సాయంత్రం, శనివారం ట్రోండ్‌హైమ్‌లో గడవాలన్నదే ఈ లెక్కకు కారణం. వేసవిలో వెళ్తే కొండలూ సముద్రమూ బాగా కనిపిస్తాయి కానీ, ఇక్కడి యూదులు శీతాకాలాన్ని ఎలా నెగ్గుకొచ్చారో తెలియదు.

చలి గురించే అందరూ అడుగుతారు. ఒంటికి అంటుకునే ఉన్ని లోదుస్తులు, గాలి చొరని కోటు, మంచుగడ్డ మీద జారకుండా బూట్లకు తగిలించే ముళ్ళ పట్టీలు ఉంటే చలి సంగతి తేలిపోతుంది. ఉత్తరాదికి వచ్చి స్థిరపడిన యూదులకు కష్టమైనవి వేరు. సూర్యుణ్ణి చూసి కాలం లెక్కపెట్టే ధర్మం వాళ్ళది, ఇక్కడి సూర్యుడేమో ఆ లెక్కకు ఒదగడు. విధి ప్రకారం పశువును కోయడం దేశంలో కుదరదు. ప్రార్థనకు పది మంది కావాలి, ఊళ్ళో ఎనిమిది మందే ఉంటారు. దారి పొడుగునా చూడాల్సింది ఈ మూడింటినీ.

మొదటి రోజు, బుధవారం: ఓస్లో

పొద్దున్నే ఊరి ఉత్తర భాగంలోని వోర్ ఫ్రెల్సర్స్ శ్మశానానికి వెళ్ళాలి. అక్కడ కవి హెన్రిక్ వెర్గెలాన్ సమాధి ఉంది. 1814 నాటి నార్వే రాజ్యాంగం రెండో అధికరణంలోనే యూదులకు దేశంలో ప్రవేశం లేదని రాసుకుంది. దాన్ని తీసేయించడానికి వెర్గెలాన్ పద్యాలు రాశాడు, కరపత్రాలు వేశాడు, పార్లమెంటుకు ప్రతిపాదన పంపాడు. రాజ్యాంగం మార్చాలంటే మూడింట రెండు వంతుల మంది ఒప్పుకోవాలి. 1842, 1845, 1848ల్లో ఆ సంఖ్య రాలేదు. చివరికి 1851లో 93 మంది అవునన్నారు, పది మంది కాదన్నారు. వెర్గెలాన్ 1845లోనే పోయాడు. సమాధి మీది స్మారకాన్ని స్వీడన్ యూదులు 1849లో పెట్టించారు, అంటే నిషేధం ఇంకా అమల్లో ఉండగానే.

అక్కడి నుంచి బెర్గ్‌స్టియెన్ వీధిలోని సమాజమందిరం, అంటే యూదుల ప్రార్థనామందిరం, నడిచి వెళ్ళేంత దూరం. 1920లో కట్టినది. లోపలికి వెళ్ళాలంటే కొన్ని వారాల ముందే రాసి, పాస్‌పోర్టు వివరాలు పంపి అనుమతి తీసుకోవాలి. పెద్ద సంచులతో వెళ్తే గుమ్మంలోనే ఆపేస్తారు. ట్రోండ్‌హైమ్‌కు కూడా అప్పుడే రాసేయడం మంచిది. మధ్యాహ్నం కాల్మెయర్స్ వీధిలోని యూదు మ్యూజియం చూడవచ్చు, అదీ ఒకప్పుడు ప్రార్థనామందిరమే.

చీకటి పడకముందే ఆకెర్స్‌హుస్ కోట కింది రేవు దగ్గరికి చేరాలి. నీళ్ళకు ఎదురుగా గడ్డి మీద లోహపు కుర్చీలు ఉంటాయి, వాటికి కూర్చునే పలక ఉండదు. 1942 నవంబరు 26న డోనావ్ అనే ఓడ ఈ రేవు నుంచే 532 మంది యూదులను తీసుకుపోయింది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, జర్మన్ల ఆక్రమణలో ఉన్న నార్వే నుంచి నాజీ శిబిరాలకు పంపేసిన సుమారు 770 మందిలో తిరిగొచ్చినవాళ్ళు 40 మంది కూడా లేరు. పట్టుకుని, జాబితాలు రాసి, టాక్సీల్లో రేవుకు చేర్చిన పని చాలావరకు నార్వే పోలీసులు చేసినదే. మిగతా యాత్రంతా ఈ సంగతి మనసులో పెట్టుకునే సాగించాలి.

రెండో రోజు, గురువారం: డోవ్రే రైలు

ఓస్లో నుంచి ట్రోండ్‌హైమ్‌కు దాదాపు ఏడు గంటలు. లైను డోవ్రే పీఠభూమి మీద వెయ్యి మీటర్ల ఎత్తు దాటుతుంది. ఇది 1921లో పూర్తయింది. అంతకుముందు, 1877 నుంచి, రోరోస్ మీదుగా వెళ్ళే రైలే దిక్కు. 1880ల తర్వాత లిథువేనియా వైపు నుంచి వచ్చిన యూదు యువకుల్లో చాలామంది మూటల వ్యాపారులు. బట్టలు, దారాలు, గడియారాలు వీపున వేసుకుని రైలు దిగిన చోటి నుంచి పల్లెలకు నడిచేవాళ్ళు. కొన్నేళ్ళకు కాస్త సొమ్ము కూడితే పట్నంలో బట్టల కొట్టు. ఆ వరసలో ట్రోండ్‌హైమ్ నిలదొక్కుకుంది. యుద్ధం నాటికి అక్కడి యూదులు మూడు వందల లోపే.

1942 నవంబరులో ట్రోండ్‌హైమ్ ఆడవాళ్ళనూ పిల్లలనూ ఓస్లోకు తెచ్చిన రైలు ఆలస్యమైంది, డోనావ్ వెళ్ళిపోయింది. వాళ్ళను బ్రెట్‌వైట్ జైల్లో ఉంచి, 1943 ఫిబ్రవరిలో గోటెన్‌లాన్ అనే మరో ఓడలో పంపారు.

మూడో రోజు, శుక్రవారం: మధ్యాహ్నానికే సాయంత్రం

ఆర్కిటెక్ట్ క్రిస్టీస్ వీధిలోని సమాజమందిరాన్ని దూరం నుంచి చూస్తే అది మొదట ఏమిటో ఊహించవచ్చు. 1864లో ట్రోండ్‌హైమ్–స్టోరెన్ లైను కోసం కట్టిన రైల్వే స్టేషను అది. స్టేషను వేరే చోటికి మారాక చాలా కాలం ఇతర పనులకు వాడారు. 1923లో యూదు సమాజం కొని, మార్పులు చేసి, 1925లో ప్రార్థనకు తెరిచింది. చిన్న సమాజానికి కొత్త కట్టడం మోయలేని ఖర్చు. మందపాటి గోడలు, ఎత్తైన హాలు, నడిబొడ్డున స్థలం అన్నీ ఒక్క కొనుగోలులో వచ్చాయి. నడిబొడ్డున అనేది చిన్న విషయం కాదు. వారానికోసారి వచ్చే విశ్రాంతి దినం సబ్బాతు నాడు బండెక్కరు కాబట్టి అందరి ఇళ్ళూ నడిచొచ్చే దూరంలో ఉండాలి, అదీ మంచు మీద.

ఇప్పుడు గడియారం సంగతి. సబ్బాతు శుక్రవారం సూర్యాస్తమయంతో మొదలవుతుంది. వాడుక ప్రకారం దానికి 18 నిమిషాల ముందు దీపాలు వెలిగిస్తారు. డిసెంబరు మధ్యలో ట్రోండ్‌హైమ్‌లో సూర్యుడు పదింటికి లేచి మధ్యాహ్నం 2:31కి దిగిపోతాడు. అంటే దీపాలు 2:13కి. వంట, స్నానం, ఇల్లు సర్దడం, గదుల్లో ఏ లైటు వెలిగి ఉండాలో తేల్చుకోవడం, అన్నీ ఒంటి గంటకల్లా అయిపోవాలి. ఉద్యోగి పన్నెండింటికే సెలవడగాలి. కొట్టు యజమానికి ఇంకా కష్టం. శుక్రవారం సగం పోతుంది, బేరాలు బాగా సాగే శనివారం మొత్తం పోతుంది, ఆదివారం దేశమంతా మూతే. అన్నీ పాటించి వ్యాపారం నిలబెట్టుకోవడం ఎంత కష్టమో ఊహించుకోవచ్చు.

జూన్‌లో ఇదంతా తలకిందులు. సూర్యుడు రాత్రి 11:38కి అస్తమిస్తాడు. అంతసేపు ఆగలేనివాళ్ళు సబ్బాతును కాస్త ముందే స్వీకరించడానికి ధర్మం వీలిస్తుంది. అస్తమయానికి గంటంబావు ముందు నుంచి చెల్లుతుంది. అయితే ఆ గంట అరవై నిమిషాలది కాదు, పగటిని పన్నెండు భాగాలు చేస్తే వచ్చేది. డిసెంబరులో అది సుమారు 22 నిమిషాలు, జూన్‌లో 103. కాబట్టి నడివేసవిలో గంటంబావు ముందంటే రెండు గంటల తొమ్మిది నిమిషాలు ముందు. అప్పుడు కూడా రాత్రి దాదాపు తొమ్మిదిన్నరకు ముందు వీలు కాదు. ఈ లెక్క తెలియక మామూలు గడియారం గంటంబావు తీసేసే కొత్తవాళ్ళు ముందున్న దాదాపు గంట వెసులుబాటును పోగొట్టుకుంటారు.

ముగింపు ఇంకా చిక్కు. మూడు నక్షత్రాలు కనిపిస్తే సబ్బాతు అయిపోయినట్టు. సాధారణంగా సూర్యుడు దిగంతం కింద 8.5 డిగ్రీలకు చేరే సమయాన్ని దానికి తీసుకుంటారు. ట్రోండ్‌హైమ్ 63 డిగ్రీల 26 నిమిషాల అక్షాంశం మీద ఉంది. మే రెండో వారం నుంచి జూలై చివరి దాకా సూర్యుడు అర్ధరాత్రి కూడా అంత కిందికి పోడు. జూన్ 21న 3.1 డిగ్రీల దగ్గరే ఆగి మళ్ళీ పైకి వస్తాడు. నక్షత్రాలు రావు. అలాంటి చోట్ల సౌర అర్ధరాత్రినే హద్దుగా తీసుకునే సంప్రదాయం ఉంది. అది ఇక్కడ వేసవి గడియారం ప్రకారం తెల్లవారుజామున 1:20. శనివారం ముగిసిందని చెప్పుకునేసరికి ఆదివారం ఒంటి గంట దాటుతుంది.

మన గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో యూదు ధర్మం పాటించే బెనె ఎఫ్రాయిం కుటుంబాలున్నాయి. అక్కడ ఏడాది పొడుగునా సూర్యాస్తమయం సాయంత్రం ఐదున్నర దాటాక మొదలుకొని ఏడు లోపే ఉంటుంది. దీపాల వేళ గంటకు కాస్త అటూ ఇటూ మారుతుందంతే. ట్రోండ్‌హైమ్‌లో గడియారం మీద ఆ తేడా తొమ్మిది గంటలు.

పెద్ద పండుగలు మాత్రం ఉత్తరాదివాళ్ళను కాస్త కరుణించాయి. కొత్త సంవత్సరం, ప్రాయశ్చిత్త దినం, పర్ణశాలల పండుగ సెప్టెంబరు–అక్టోబరుల్లో, రాత్రీ పగలూ దాదాపు సమంగా ఉండే రోజుల్లో వస్తాయి. ప్రాయశ్చిత్త దినపు ఉపవాసం ఇక్కడా ఇరవై అయిదు గంటలే, కాస్త అటూ ఇటూగా. పర్ణశాలల పైకప్పుకు ఫిర్ కొమ్మలు కావలసినన్ని దొరుకుతాయి, నిమ్మజాతి పండు ఎత్రోగ్‌ను మాత్రం దక్షిణం నుంచి తెప్పించాల్సిందే. పస్కా రాత్రి భోజనం దగ్గర తేడా తెలుస్తుంది. చీకటి పడ్డాకే మొదలుపెట్టాలి, ఏప్రిల్ మధ్యలో ఇక్కడ చీకటి పడేది రాత్రి పది దాటాక. ఆ విందంతా పిల్లలు అడిగే ప్రశ్నల చుట్టూ అల్లినది కాబట్టి, ఆ మధ్యాహ్నం పిల్లలను పట్టుబట్టి నిద్రపుచ్చకపోతే ప్రశ్నలడిగేవాళ్ళే ఉండరు.

నాలుగో రోజు, శనివారం: పది మంది

ఉదయం ప్రార్థన వేళకు బయట ఇంకా చీకటే. ఫోను, డబ్బు, తాళాలు, గొడుగు బసలోనే వదిలి వెళ్ళాలి. సబ్బాతు నాడు వీధిలో వస్తువులు మోయకూడదు, అతిథులూ ఆ మర్యాద పాటించడం పద్ధతి. ఫొటోలు అసలే కుదరవు. మగవాళ్ళు తల కప్పుకోవాలి, ఉన్ని టోపీ చాలు.

ఇక్కడి సంప్రదాయంలో పదమూడేళ్ళు దాటిన మగవాళ్ళు పది మంది ఉంటేనే సామూహిక ప్రార్థన. తొమ్మిది మందే ఉంటే ఎవరి ప్రార్థన వాళ్ళు చేసుకోవచ్చు. కానీ తోరా (యూదుల ధర్మగ్రంథం) చుట్టను ఆశీర్వచనాలతో బహిరంగంగా చదవడానికి లేదు, చనిపోయినవాళ్ళ కోసం చెప్పే కద్దీష్ చెప్పడానికి లేదు. తండ్రి పోయిన కొడుకు పదకొండు నెలలు రోజూ కద్దీష్ చెప్పాలి. ఊళ్ళో పది మంది లేకపోతే ఆ బాధ్యత తీరదు. చిన్న ఊళ్ళలో కుర్రవాడికి పదమూడేళ్ళు నిండడం ఊరందరి సంబరం ఎందుకవుతుందో ఇక్కడ అర్థమవుతుంది. ఒక కుటుంబం వలసపోతే, ఒక పెద్దాయనకు జ్వరమొస్తే, మంచుతుపాను రోడ్డు మూసేస్తే ఆ వారం పఠనం ఉండదు.

తోరా చుట్టను కాపాడుకోవడం మరో పని. తోలు మీద చేత్తో రాసిన అక్షరాలవి. ఒక్క అక్షరం పగిలినా, పక్కదానికి అంటుకున్నా, లేఖకుడు సరిచేసేదాకా ఆ చుట్ట పఠనానికి పనికిరాదు. శీతాకాలంలో హీటర్లు నడిచే గదిలో గాలి బాగా ఎండిపోతుంది. తోలు బిగుసుకుంటుంది, సిరా పెచ్చులూడుతుంది. చల్లటి చోటి నుంచి ఒక్కసారిగా వెచ్చటి గదికి తెస్తే చెమ్మ పడుతుంది. అందుకే హెచ్చుతగ్గుల్లేని వేడిమి, కొంచెం తేమ ఉన్న చోట ఉంచాలి. దగ్గర్లో లేఖకుడు లేడు కాబట్టి, బాగుచేయించడమంటే దేశం దాటించి పంపడమే.

సబ్బాతు నాడు నిప్పు వెలిగించకూడదు. మరి కరెంటు లేని రోజుల్లో గడ్డకట్టే చలికి ఏం చేశారు? యూదుల ధర్మసంగ్రహం షుల్హాన్ ఆరూఖ్ దీనికి దారి చూపింది. చలి ముందు అందరూ రోగులే, కాబట్టి తీవ్రమైన చలిలో యూదులు కానివారు వచ్చి పొయ్యి రాజేయవచ్చు అంది. చలిదేశాల్లో బతికిన రబ్బీలు, అంటే యూదు మతగురువులు, రాసుకొచ్చిన మాట ఇది, చదివితే వాళ్ళ మీద గౌరవం పెరుగుతుంది. భోజనానికి ముందురోజు మధ్యాహ్నమే పొయ్యి మీద పెట్టి వదిలేసిన చిక్కుడుగింజలు, బార్లీ, బంగాళాదుంపల వంటకం. నీళ్ళు తక్కువ పోస్తే ఇరవై గంటల్లో అడుగంటుతుంది. మధ్యలో నీళ్ళు పోయకూడదు కాబట్టి మొదటే గింజలకు పైన నాలుగు వేళ్ళ ఎత్తు నీళ్ళుండాలి.

ఆ రోజు ముగిసేది సాయంత్రం 4:15 ప్రాంతంలో. వారమంతా పడ్డ శ్రమకు ఈ పెందలకడ ముగింపు పెద్ద ఊరట. మిగిలిన సాయంత్రమంతా చేతిలో ఉంటుంది.

అయిదో రోజు, ఆదివారం: ఫాల్‌స్టాడ్

1941 ఏప్రిల్‌లో జర్మన్లు సమాజమందిరాన్ని లాక్కుని సైనికుల బసగా మార్చారు. కిటికీల్లో దావీదు నక్షత్రం ఉన్న చోట స్వస్తిక గుర్తులు పెట్టారు. ఊళ్ళోని మెథడిస్టు చర్చి తన అటక మీద యూదుల ప్రార్థనలకు చోటిచ్చింది. 1942 అక్టోబరు 7న ట్రోండ్‌హైమ్ యూదు మగవాళ్ళను పట్టుకుని ఊరికి ఉత్తరాన ఎక్నే గ్రామంలోని ఫాల్‌స్టాడ్ శిబిరానికి తీసుకుపోయారు.

అక్కడికి వెళ్ళడానికి రైల్లో స్కోగ్న్ దాకా పోయి, ముందే మాట్లాడుకున్న టాక్సీ ఎక్కాలి. ఆదివారం బస్సులు నమ్ముకుంటే చలిలో నిలబడిపోతారు. శిబిరం భవనం ఇప్పుడు స్మారక కేంద్రం, తెరిచే వేళలు శీతాకాలంలో తక్కువ కాబట్టి ముందే కనుక్కోవాలి. కాల్చి చంపిన చోటు అక్కడి అడవిలో ఉంది. మధ్యాహ్నం రెండున్నరకు చీకటి మొదలవుతుంది, కాబట్టి అడవి ముందు, మ్యూజియం తర్వాత.

తిరిగొచ్చాక, ఊళ్ళో బల్ల మీద కూర్చున్న ఒక అమ్మాయి కంచు విగ్రహం చూడాలి. పేరు సిస్సీ క్లైన్. 1929లో పుట్టింది. 1942లో బడిలో ఉండగా పోలీసులు వచ్చి తీసుకుపోయారు. 1943 మార్చిలో ఆష్విట్జ్ నాజీ శిబిరంలో చంపేసేనాటికి ఇంకా పద్నాలుగేళ్ళు నిండలేదు. యుద్ధం ముగిశాక తిరిగొచ్చిన కొద్దిమంది 1947లో సమాజమందిరాన్ని మళ్ళీ ప్రతిష్ఠించారు. అంతమందిని పోగొట్టుకుని పది మంది కోసం మళ్ళీ కూడబలుక్కున్న ఆ పట్టుదల ఈ దారిలో మాకు అన్నిటికన్నా గొప్పగా తోచిన విషయం.

ఆరో రోజు, సోమవారం: నూర్‌లాన్ రైలు

బూడో దాకా 729 కిలోమీటర్లు, సుమారు పది గంటలు. యుద్ధకాలంలో ఈ లైనులో కొంత భాగాన్ని ఖైదీలతో కట్టించారు. సాల్ట్‌ఫ్యెల్ కొండల మీద ధ్రువవలయం దాటేటప్పటికి డిసెంబరులో వెలుగు పోతూ ఉంటుంది.

తిండి ముందే సర్దుకోవాలి. 1929లో చేసి 1930 నుంచి అమల్లోకి తెచ్చిన చట్టం ప్రకారం, పశువును స్పృహ తప్పించకుండా కోయడం నార్వేలో నేరం. స్పృహ తప్పించడానికి యూదుల విధి ఒప్పుకోదు. కాబట్టి కోషర్ మాంసం, అంటే ధర్మం ఒప్పుకునే మాంసం, అంతా దిగుమతే, గడ్డకట్టించినదే. ఉత్తరాన విరివిగా దొరికే రెయిన్‌డీర్ డెక్కలు చీలి నెమరువేసే జంతువు, జాతిగా చూస్తే తినదగినదే. కోసే విధానం కుదరక అదీ చేతికందదు.

చేపలే ఆధారం. రెక్కలూ పొలుసులూ ఉండాలన్నది లేవీయకాండం నియమం. కాడ్, హెర్రింగ్, సాల్మన్, హాలిబట్ పనికొస్తాయి. లోఫోటెన్ దీవుల్లో కొయ్య దండేల మీద ఎండబెట్టే కాడ్ ఏళ్ళ తరబడి నిలుస్తుంది. వుల్ఫ్ ఫిష్, మాంక్ ఫిష్, ఈల్, రొయ్య, రాజపీత, తిమింగలం మాంసం కుదరవు. అంగట్లో చర్మం తీసిన ముక్కలు కొంటే ఏ చేపో తేల్చుకోలేరు. చర్మంతో ఉన్నది అడిగి, పొలుసు గోటితో తేలిగ్గా ఊడుతోందో లేదో చూసి, తమ కత్తితోనే కోయించుకునేవాళ్ళు ఉన్నారు, ఎందుకంటే అంగడి కత్తికి రొయ్యల నీచు అంటి ఉంటుంది.

ఏడో రోజు, మంగళవారం: బస్సులో

బూడో నుంచి నార్విక్‌కు, అక్కడి నుంచి ట్రోమ్సోకు బస్సు మారాలి. మధ్యలో బోగ్నెస్ దగ్గర బస్సే పడవెక్కుతుంది. గాలి ఎక్కువైతే పడవ ఆగుతుంది, నార్విక్‌లో రెండో బస్సు తప్పిపోతుంది. నార్విక్‌లో రాత్రి బసకు మార్చుకోగలిగే గది పెట్టుకోవడం తెలివైన పని.

ఎనిమిదో రోజు, బుధవారం: ట్రోమ్సో

ఇక్కడ నవంబరు 27 ప్రాంతం నుంచి జనవరి 15 దాకా సూర్యుడు లేవడు. డిసెంబరు 21 మధ్యాహ్నం కూడా దిగంతానికి 3.1 డిగ్రీల కిందే ఉంటాడు. జూన్‌లో ట్రోండ్‌హైమ్ అర్ధరాత్రి సూర్యుడుండేదీ సరిగ్గా అంత లోతులోనే. అంటే ఆ ఊరి నడివేసవి అర్ధరాత్రికీ ఈ ఊరి నడిశీతాకాలపు మధ్యాహ్నానికీ ఆకాశంలో ఒకే వెలుగు.

యుద్ధానికి ముందు కొన్ని యూదు కుటుంబాలు ఇక్కడ కొట్లు పెట్టుకుని బతికాయి. సమాజమందిరం లేదు. ట్రోండ్‌హైమ్‌కు తీరం వెంబడి నడిచే ఓడలో రెండు రోజులు. 1941 జూన్‌లో, సోవియట్ యూనియన్ మీద జర్మనీ దాడి సమయంలో, ఉత్తర నార్వే యూదు మగవాళ్ళను పట్టుకున్నారు. ట్రోమ్సో వాళ్ళను ద్వీపం దక్షిణ కొసన సిద్‌స్పిస్సెన్ శిబిరంలో పెట్టారు. ఇప్పుడది జనం షికారుకెళ్ళే సముద్రతీరం, ఊరి నడుమ నుంచి సిటీబస్సులో వెళ్ళవచ్చు. తిరిగిరాని పదిహేడు మంది పేర్లతో ఊళ్ళో స్మారకం ఉంది.

అస్తమయమే లేని చోట సబ్బాతు ఎప్పుడు మొదలవుతుంది? పద్దెనిమిదో శతాబ్దపు రబ్బీ యాకోబ్ ఎమ్‌డెన్, ఎడారిలో దారితప్పి రోజు మరిచినవాడు ఆరు లెక్కపెట్టి ఏడోది పాటించాలన్న తల్మూదు (యూదుల ప్రాచీన ధర్మచర్చల గ్రంథం) మాటను ఆధారం చేసుకుని, ఇరవై నాలుగు గంటలను ఒక రోజుగా లెక్కించమన్నాడు. తర్వాతి శతాబ్దంలో డాన్‌జిగ్ రబ్బీ ఇజ్రాయెల్ లిప్షిట్జ్, ప్రయాణికుడు తాను వచ్చిన ఊరి వేళలే పట్టుకోవాలన్నాడు. మరికొందరు రాత్రీ పగలూ ఉన్న సమీప ప్రాంతాన్ని చూడమన్నారు. ఇవి ఒకదానికొకటి కొన్ని గంటల తేడాతో వస్తాయి. అందుకే జాగ్రత్తపరులు వీటిలో అన్నిటికన్నా ముందు మొదలయ్యే వేళ నుంచి అన్నిటికన్నా ఆలస్యంగా ముగిసే వేళ దాకా పని మానేస్తారు. ఆ నిడివి ముప్పై గంటలు దాటవచ్చు, దానికి సరిపడా తిండి ముందే వండుకోవాలి. అంత అక్కర్లేదనుకునే ప్రయాణికులు గురువారం విమానమెక్కి రెండు గంటల్లో ఓస్లో చేరిపోతారు. శుక్రవారం ఉదయం విమానం పెట్టుకోవడం మాత్రం మంచిది కాదు. మంచు వల్ల రెండు మూడు గంటలు ఆలస్యమైతే, అక్కడ కూడా దీపాల వేళ మధ్యాహ్నం మూడు లోపే.